తెల్లని పుట్టింటి చీర

అక్కకి పెళ్లయిన ముప్పై ఏళ్లలో పుట్టింటి తరఫున నేను చీర కొన్నది ఒక్కసారే. ఆ ఒక్క చీర గురించి నేను ఏడు క్రైస్తవ సంఘాల్లో సాక్ష్యం చెప్పాను. అత్తిలిలో చెప్పాను, పెదవేగిలో చెప్పాను, మా తాడేపల్లిగూడెంలో చెప్పాను. చెప్పిన ప్రతిచోటా స్తోత్రం అన్నారు. ఆ సాక్ష్యంలో నేను చెప్పకుండా వదిలేసిన సగం ఇక్కడ రాస్తున్నాను.

మాది ఉంగుటూరు దగ్గర పల్లె. వరి రైతులం. అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. నేను గూడెంలో ఇంటర్ చదువుతూ ఒక స్నేహితుడితో ప్రార్థన కూడికకి వెళ్లాను. మరుసటి ఏడాదికల్లా బాప్తిస్మం తీసుకున్నాను. ఇంట్లో పెద్ద గొడవైంది. అమ్మ నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు. అప్పటికే కొల్లేరు పక్క ఊరికి కాపురానికి వెళ్లిపోయిన అక్క ఆ సంగతి తెలిసి బస్సెక్కి వచ్చి, అమ్మతో ఒక్క మాటే అంది. "వాడేం తాగి రావట్లేదు గదే అమ్మా. ప్రార్థన చేసుకుని వస్తున్నాడు. అన్నం పెట్టు."

ఆ అన్నం తినే నేను విశ్వాసంలో నిలబడ్డాను. టీచరు ఉద్యోగం వచ్చింది. విశ్వాసుల ఇంటి పిల్లనే చేసుకున్నాను. ఆదివారాలు కుర్రకారుకి వాక్యం నేర్పేవాణ్ణి. కొన్నాళ్లకి సంఘ పెద్దనయ్యాను. అమ్మా నాన్నా ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. అక్కకి పుట్టిల్లంటే ఇక నేనే.

ఎనిమిదేళ్ల కిందట అక్క పెద్దకూతురి పెళ్లి కుదిరింది. మా వైపు ఆడపిల్ల పెళ్లిలో కన్యాదానానికి పీటల మీద కూర్చునే తల్లి, పుట్టింటివాళ్లు తెచ్చిన చీరే కట్టుకుంటుంది. ఆ చీర రాకపోతే ఆమె వెనక ఎవరూ లేరని లెక్క. అక్క ఫోన్ చేసి, మొహమాటపడుతూ అడిగింది.

"ఒరేయ్, పెళ్లికూతుర్ని గంపలో ఎత్తుకురావడం అవీ నీకు పడవని నాకు తెలుసు. అవి మా బావగారి అబ్బాయి చేస్తాళ్లే. చీరొక్కటీ నువ్వు తే. పసుపు కుంకం పెట్టక్కర్లేదు. ఉత్త చీర తెచ్చి నా చేతిలో పెట్టు చాలు."

"అలాగేలేవే," అన్నాను.

గూడెంలో బట్టల కొట్టుకి నేనూ మా ఆవిడా వెళ్లాం. కొట్టతను ఎవరికండీ, ఏ సందర్భానికండీ అని అడిగి, పుట్టింటి చీర అనగానే ఎరుపులూ ఆకుపచ్చలూ పరుపు మీద పరిచేశాడు. మా ఆవిడ ఒక ముదురాకుపచ్చ చీర చేతిలోకి తీసుకుంది. నా చూపు అరలో మడతపెట్టి ఉన్న ఒక తెల్లని ఉప్పాడ పట్టు మీద ఉంది. వెండి జరీ అంచు. రంగన్నది ఎక్కడా లేదు.

"అది చూపించండి," అన్నాను.

కొట్టతను తీయలేదు. "అది చర్చివాళ్లు పెళ్లికూతురికి తీసుకెళ్తారండి. మీది పుట్టింటి చీరన్నారు గదండీ."

"పరవాలేదు, తీయండి."

మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె పుట్టుకతో విశ్వాసి, తెల్లచీరలో పెళ్లిచేసుకున్న మనిషి. ఆమె నాతో మెల్లగా అంది. "ఏవండీ, వదినగారింట్లో తెలుపంటే వేరే అర్థం ఉంటుందండి. బావగారు నిక్షేపంగా ఉన్నారు. అది పట్టుకెళ్తే ఏవనుకుంటారండీ?"

ఇక్కడే నేను సాక్ష్యంలో మొదటి కోత కోసేవాణ్ణి. తెలుపు పరిశుద్ధతకి గుర్తు కాబట్టి, ఆ సంగతి వాళ్లకి తెలియదు కాబట్టి, ప్రేమతో కొన్నానని చెప్పేవాణ్ణి. నిజానికి పుట్టింటి చీర తెల్లగా ఉండకూడదని మా ఆవిడకంటే నాకే బాగా తెలుసు. నేను పుట్టింది ఆ ఇంట్లోనే కదా. మా నాన్న పోయాక అమ్మ ఒంటి మీద రంగులు ఎలా తగ్గిపోయాయో కళ్లారా చూసినవాణ్ణి. తెలిసే కొన్నాను. పెళ్లింట్లో వందమంది ముందు తెల్లచీర విప్పితే, ఎందుకని ఎవరైనా అడిగితే, నాలుగు మాటలు చెప్పే అవకాశం దొరుకుతుందనుకున్నాను. లేఖనాల్లో తెల్లటి వస్త్రం ఎక్కడెక్కడ వస్తుందో బస్సులో వరసగా గుర్తుచేసుకుంటూ వెళ్లాను. అక్క కోసం చీర ఎంచాలని వెళ్లినవాణ్ణి, నా ప్రసంగానికి పనికొచ్చే చీర ఎంచుకున్నాను.

పెళ్లికి ముందు రోజు పొద్దున్న వాళ్ల ఊరు చేరాం. చేపల చెరువుల గట్టు మీద ఆటోలో వెళ్తుంటే మా ఆవిడ ఆ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంటిముందు పందిట్లో బావగారి చుట్టాలంతా కూర్చుని ఉన్నారు. అక్క లోపలినుంచి తడి చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. అందరికీ వినబడేలా "మా తమ్ముడొచ్చాడండీ, చీర తెచ్చాడు" అంది. మొహం వెలిగిపోతోంది. సంచీ అందుకుని అక్కడే విప్పింది.

మడత విడిపోయి తెల్లచీర అందరికీ కనబడింది.

అక్క అత్తగారు కుర్చీలోంచి లేవకుండానే అన్నారు. "ఏవయ్యా అబ్బాయ్, మావాడు గుండ్రాయిలా ఉన్నాడు. ఇదెవరికి తెచ్చావూ?"

బావ గొంతు సవరించుకున్నాడు. ఎవరో ఆడమనిషి "హవ్వ" అంది. నా నాలుగు మాటలూ సిద్ధంగా ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపల అక్క నవ్వేసింది.

"అలా ఉత్తినే కట్టుకోవడానిక్కాదండి అత్తయ్యగారూ. పసుపులో ముంచి కట్టుకోవాలి. మా పుట్టింటివైపు అలవాటండి. తెల్లచీర తెస్తారు, ఆడపడుచు తన చేత్తో పసుపు పట్టించుకుంటుంది."

"ఉంగుటూరేమన్నా ఉత్తరదేశంలో ఉందటే? మేమెరగని ఆచారవా?"

"మీరు మా ఇంట్లో పెళ్లికి రాలేదు గదండీ," అంది అక్క, చీర మడిచి గుండెకి ఆనించుకుంటూ.

అలాంటి ఆచారం మా ఇంట్లోనే కాదు, మా ఊళ్లోనే లేదు.

కాసేపటికి పెరట్లోకి వెళ్లాను. అక్క స్టీలు గంగాళం ముందు కూర్చుని, ఆ పట్టుచీరని పసుపు నీళ్లలో పిసుకుతోంది. మోచేతులదాకా పసుపు. రంగు సమంగా పట్టడం లేదు. ఒకచోట ముదురుగా, ఒకచోట మరకల్లా కనబడుతోంది. వెండి జరీ నల్లబడి ముడుచుకుపోయింది.

"ఎందుకే అక్కా, అంత మంచి చీర పాడుచేస్తున్నావు?"

తలెత్తి చూసింది. "పాడుచేసింది నేనట్రా?"

ఆ మాటకి నాకు సిగ్గు కలగాల్సింది. కోపం వచ్చింది. పసుపు పట్టించిన ఆ చీర నా కంటికి పూజలో పెట్టిన వస్తువులా కనబడింది. నేను ఇచ్చినదాన్ని వాళ్ల ఆచారంలో కలిపేసుకున్నారనిపించింది. "నేను దీనికి సాక్షిగా ఉండలేనక్కా," అన్నాను. అక్కకి అర్థం కాలేదు. "కన్యాదానం దాకా ఉండరా, నువ్వు పక్కన కనబడితే చాలు," అంది. మా ఆవిడ కూడా ఉందామంది. నేను వినలేదు. భోజనానికి విస్తళ్లు వేస్తుండగా చెరువు గట్టు దాకా నడిచి ఆటో ఎక్కాం. తర్వాత తెలిసింది, అక్క ఆ మరకల చీరే కట్టుకుని పీటల మీద కూర్చుందని. తమ్ముడేడి అని అడిగినవాళ్లకి, జ్వరం తగిలి వెళ్లిపోయాడని చెప్పిందట.

ఇదంతా సాక్ష్యంలో ఎలా మారిందంటే, దేవుని బిడ్డ తెల్లని వస్త్రం పట్టుకుని అన్యుల పందిట్లోకి వెళ్లాడు, నిందపడ్డాడు, రాజీపడకుండా బయటికి నడిచాడు. అందులో అక్క లేదు. అక్క ఉంటే ఆ కథ నిలబడదు.

తర్వాత కూడా అక్క ఎప్పటిలాగే ఫోన్లు చేసేది. వానాకాలం కొల్లేరు నీళ్లు గట్టుదాకా వచ్చాయని చెప్పేది, మా అబ్బాయి మార్కులు అడిగేది. చీర మాట ఎత్తలేదు. అక్క మరిచిపోయిందని నాకు నేనే చెప్పుకున్నాను.

పోయిన మాఘమాసంలో రెండోపిల్ల పెళ్లి. శుభలేఖ వచ్చాక అక్క ఫోన్ చేసింది. "చీర సంగతి నువ్వేం పెట్టుకోకురా. అది చూసుకున్నాం. మీరిద్దరూ వచ్చి చివరిదాకా ఉండండి, అంతే." నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. నా మనస్సాక్షిని ఇబ్బంది పెట్టకూడదని అనుకుందని సంతోషించాను. చూసుకున్నాం అంటే ఎవరు చూసుకున్నారో అడగలేదు. పెళ్లికూతురికి ఒక చేతి గడియారం కొని తీసుకెళ్లాం.

ఈసారి పెళ్లి ఏలూరులో, కల్యాణమండపంలో. ముందువరసలో అక్క అత్తగారి పక్కన నాకు కుర్చీ దొరికింది. ఆవిడకి చూపు తగ్గింది. ఎవరో నా గుర్తు చెప్పగానే నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు.

"ఈసారి చక్కటి చీర పంపావయ్యా అబ్బాయ్. బచ్చలిపండు రంగు. దాని ఒంటికి ఎంత నప్పిందనీ! పుట్టిల్లుందనిపించావు. మొన్న విప్పి నలుగురికీ నేనే చూపించాను."

నేను పీటలవైపు చూశాను. అక్క బచ్చలిపండు రంగు పట్టుచీరలో బావ పక్కన కూర్చుని, నావైపే చూస్తోంది. ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం చూసింది. ఆ చూపులో బతిమాలడం ఉంది. మా నలభై అయిదేళ్లలో అక్క నన్ను అలా చూడటం అదే మొదటిసారి.

"అవునండి," అన్నాను.

"ఎక్కడ కొన్నావూ?"

"గూడెంలోనండి."

"నువ్వే తీశావా?"

"మా ఆవిడ తీసిందండి."

మా ఆవిడ మెడ తిప్పి నన్ను చూసింది. అబద్ధాన్ని గురించి నేను కుర్రకారుకి చెప్పిన పాఠాలన్నీ వెనక కూర్చుని విన్న మనిషి ఆమె. పెద్దావిడ వైపు వంగి, "రంగు వెలవదని చెప్పారండి అత్తయ్యగారూ," అంది.

పెళ్లయిపోయాక, సారె బుట్టల్లో కాజాలు సర్దుతున్న అక్క దగ్గరికి వెళ్లి అడిగాను. అక్క తలెత్తకుండానే చెప్పింది.

"ఇక్కడే, ఏలూరులో కొన్నానురా. బస్సెక్కి ఒక్కదాన్నే వచ్చాను. మీ బావక్కూడా చెప్పలేదు. నువ్వు పంపావని చెప్పాను. కొట్లో కూర్చుంటే ఏది తీయాలో తెలీలేదు. నాకు నచ్చింది తీస్తే అది పుట్టింటి చీరెలా అవుతుంది? నువ్వైతే ఏది తీస్తావని ఆలోచించాను." నవ్వింది. "నువ్వు తెలుపే తీస్తావు గదరా. అందుకని అమ్మైతే ఏది తీసేదో ఆలోచించి ఇది తీశాను."

"నాకు చెప్పొచ్చు గదే. తెచ్చేవాణ్ణి."

"తెచ్చేవాడివేలే. ఏం తెస్తావోనని భయవేసింది."

"ఇందాక మూడు అబద్ధాలాడానక్కా," అన్నాను.

"విన్నాన్లే. పాపం, ఎన్నిపూటలు ఉపవాసం ఉంటావో!" అని కాజా ఒకటి నా చేతిలో పెట్టింది.

ఆ మూడు అబద్ధాల గురించి నేను ప్రార్థించాను. వాటికి క్షమాపణ దొరికిందన్న నిశ్చయం నాకుంది. నన్ను నిలువనీయనివి నేను స్తోత్రాలమధ్య చెప్పిన ఏడు సాక్ష్యాలు. మొన్న ఆదివారం మా సంఘంలో లేచి నిలబడి, కోసేసిన భాగమంతా చెప్పాను. తెలిసే తెల్లచీర కొన్నానని, అక్క నన్ను కాపాడటానికి లేని ఆచారాన్ని పుట్టించిందని, నేను భోజనం చేయకుండా వచ్చేశానని, రెండోసారి తన పుట్టింటి చీర తనే కొనుక్కుందని చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. మిగిలిన ఆరు చోట్లకీ వెళ్లి ఇదే చెప్పాలి. ఇంకా వెళ్లలేదు.

ఆ సాయంత్రమే అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, నీకొక చీర కొంటానే. ఏ రంగు కావాలో చెప్పు. పట్టుచీర."

"ఇప్పుడెందుకురా?"

"ఊరికే."

అటువైపు చేపలకి మేతవేసే పడవ ఇంజను చప్పుడు వినబడుతోంది. చెరువు గట్టు మీద ఉన్నట్టుంది.

"ఇద్దరు పిల్లల పెళ్లిళ్లూ అయిపోయాయి గదరా," అంది. నిష్ఠూరంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పింది. "పీటల మీద కూర్చునే పని నాకింకెక్కడుంది? పట్టుచీరతో ఏం చేసుకోను? కొనాలనుంటే ఒక నూలుచీర కొను. ముదురు రంగుదైతే చెరువు పనికి బావుంటుంది, బురద కనబడదు."

అలాగేనన్నాను. మర్నాడు బడి నుంచి వస్తూ, మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి, ముదురు నీలం నూలుచీర ఒకటి కొన్నాను. ఈసారి రంగు ఆమెనే ఎంచమన్నాను. ఈ ఆదివారం కూడిక అయ్యాక కొల్లేరు వెళ్లి ఇచ్చి వస్తాం. అక్క సంతోషంగానే తీసుకుంటుంది, కట్టుకుంటుంది. దాన్ని పుట్టింటి చీరని ఎవరికీ విప్పి చూపించే పని మాత్రం ఆమెకి లేదు.