దేవదూత ఆగిన చోటు

బూర్గంపాడు ఇంకా రాకముందే మా బస్సు టైరు పంక్చరైంది, వెంటనే వాన అందుకుంది. రోడ్డు పక్క పెంకుటింటి పెద్దాయన నన్ను లోపలికి పిలిచారు. రిటైరైన ఉర్దూ మాస్టారు. ఆయన ఒళ్లో పాత ఫారసీ పుస్తకం ఉంటే, ఏముంది అందులో అని అడిగాను.

"ప్రవక్త ఆకాశాలు దాటి పోయిన ముచ్చటమ్మా. తోడొచ్చిన దేవదూత ఒక హద్దు కాడ ఆగిండు. ఇంకొక్క అడుగేస్తే రెక్కలు మాడిపోతయి, మీరు పోండి అన్నడు. మా ఫారసీ కవులకు ఆ దూత అంటే తెలివి. తెలివి ఆడిదాంకనే వస్తది. ఆడికెల్లి ముందుకు పోయేది ప్రేమనే."

ఆయన భార్య మోకాళ్లు పట్టుకుంటూ వంటింట్లోంచి వచ్చారు. "గదేంది? తోడొచ్చినోళ్లు గట్ల నడుమల ఇడిసిపెడ్తరా?"

మాస్టారు పకపకా నవ్వారు.

బస్సు హారన్ వినిపించింది. మాస్టారు గొడుగు పట్టి నన్ను గేటు దాకా తీసుకొచ్చారు. బయట బురదనీళ్లు చూసి ఆగిపోయారు. "ఇగ మీరు పోండమ్మా. మాడెటందుకు నాకు రెక్కలు లేవు గని, ఈ మోకాళ్లతోని జారి పడ్తే లేవలేను."

నేను బస్సెక్కి కూర్చుని వెనక్కి చూశాను. ఆవిడ ఆయన్ని దాటుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, తడుస్తూ ఆ నీళ్లలోనే కుంటుకుంటూ వస్తున్నారు. కిటికీలోంచి వేడి రొట్టెల పొట్లం నా చేతిలో పెట్టారు.

"భద్రాచలం పోయేసరికి ఆకలైతది బిడ్డా. తిను."

గొడుగు మాత్రం గేటు దగ్గరే, మాస్టారి చేతిలోనే ఉంది.