పంటెక్కిన టెలిస్కోపు

కొత్తగా లెక్చరరునైన ఆ రోజుల్లో నాకో జబ్బుండేది. ఎవరేమడిగినా ‘అదెంత పనండీ’ అనేసేదాన్ని. (ఆ జబ్బు తర్వాత తగ్గింది. ఎలా తగ్గిందో చెప్పడానికే ఇదంతా.) రాజోలు దగ్గర ఓ ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పడానికి చేరి మూడు నెలలైనా కాలేదు. సైన్సు ప్రదర్శనలో ఈసారి కొత్తగా ఏదైనా చేయాలని ప్రిన్సిపాల్ గారు అనగానే, టెలిస్కోపులో చంద్రుణ్ణి చూపిద్దామండీ, అదెంత పని, అన్నాను. టెలిస్కోపు నాది కాదు. గోదావరికి అవతల, నర్సాపురంలో, మా నాన్నకు చదువు చెప్పిన మాస్టారిది. రిటైరయ్యాక రెండేళ్లపాటు గాజుపలకను చేత్తో అరగదీసి, అద్దం చేసి, ఆయన స్వయంగా తయారు చేసుకున్నది. నాలుగడుగుల గొట్టం, దాని అడుగున ఆ అద్దం, కింద చెక్క పీట. ఇద్దరు మగవాళ్లు పట్టనిదే కదలదు. ట్రాలీ ఆటోలో బొంతలు పరిచి, దాన్ని పడుకోబెట్టి తాళ్లు బిగిస్తుంటే మాస్టారు ఒకే మాట అన్నారు.

“పగిలితే ఇంకోటి చెయ్యలేనమ్మా. చేతులు వణుకుతున్నాయి.”

అప్పట్నుంచి నా చేతులూ వణకడం మొదలెట్టాయి. ఆటో గోదావరి దాటించే పంటెక్కింది. నేను వెనకాల గొట్టాన్ని కౌగిలించుకుని కూర్చున్నాను. “బోరు పైపాండీ?” అని ఒకాయన, “రొయ్యల చెరువుకి ఏరేటరాండీ?” అని ఇంకొకాయన. అందరికీ ఆయ్ అంటూ తలూపాను. పంటు సఖినేటిపల్లి రేవును తాకగానే ఒక్క కుదుపు. గొట్టంలో గలగలమని చప్పుడు! మూత తీసి చూసే ధైర్యం లేదు. ప్రతి గతుకు దగ్గరా అదే చప్పుడు. కాలేజీకి చేరేలోపు రాజీనామా పత్రం మనసులో రెండుసార్లు రాసుకున్నాను (రెండోసారి ఇంగ్లీషులో).

చివరికి డ్రైవరే మూత తీసి, చెయ్యి పెట్టి, “కలరా ఉండలండీ మేడంగారూ, నాలుగున్నాయి” అన్నాడు. అద్దానికి ఏమీ కాలేదు. మాస్టారింటికి ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తారు. “బొద్దింకలు దూరుతున్నాయని నేనే వేసేనమ్మా. ఆయనకి చెప్పకే. నువ్వెళ్లగానే ఆయనా బయటికెళ్లేరు” అన్నారు గుసగుసగా.

నలుగురు కలిసి డాబా మీదికి ఎక్కించారు. మెట్ల మలుపులో గొట్టం ఇరుక్కున్నప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. ఎక్కించాక, మాస్టారు చెప్పినట్టే గురి సరిచూడటానికి ముందు కాలవ అవతలి కొబ్బరిచెట్టు మీదికి తిప్పాను. కనబడింది! కానీ మొవ్వు కింద, మొదలు పైన. డ్రైవరు కూడా చూసి, “తిరగబడిపోయిందండీ” అన్నాడు దిగులుగా. కుదుపుకి లోపల అద్దమే తలకిందులైందని నాకు ఖాయమైపోయింది. ఇంకో గంటలో పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు వచ్చేస్తారు. మెకానిక్ ఎవరైనా ఉన్నారేమోనని కిందికి పరిగెత్తాను.

గేటు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద మాస్టారు! నన్ను చూసి గబుక్కున లేచారు.

“నీమీద నమ్మకం లేక కాదమ్మా... ఊరికే, పంటు గాలికని తరవాతి పంటులో వచ్చేను.”

నేను ఏడుపు గొంతుతో, “మాస్టారూ, అన్నీ తలకిందులుగా కనబడుతున్నాయండీ” అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. “ఏం సబ్జెక్టు చెబుతున్నావమ్మా నువ్వు?”

“ఫిజిక్సండీ.”

“ఆయ్.”

అంతే అన్నారు. అప్పుడు వెలిగింది. ఇలాంటి టెలిస్కోపులో బింబం తలకిందులుగానే కనబడుతుందని ఆ వారమే క్లాసులో నోట్సు చెప్పాను. ముఖ్యమైన ప్రశ్న, గీత గీసుకోండి అని కూడా అన్నాను.

చీకటి పడుతుండగా సగం చంద్రుడు గొట్టంలోకి వచ్చాడు. పిల్లలు కేకలు వేశారు. ప్రిన్సిపాల్ గారు వరసలో రెండుసార్లు నిలబడ్డారు. డ్రైవరు కన్ను తియ్యకుండా, “గుంటలండీ! మన రోడ్డులాగే ఉందండీ” అన్నాడు. నేను మాత్రం పీట కదలకుండా, ఎవరూ గొట్టానికి ఆనకుండా, మాస్టారు మెట్ల దగ్గర తూలకుండా చూస్తూ తిరుగుతూనే ఉన్నాను. ఆఖరి పంటు అందుకోవాలని హడావుడిగా అన్నీ విప్పి ఆటోకెక్కించాం. ముందు సీట్లో కూర్చుంటూ మాస్టారు అడిగారు.

“నువ్వు చూసేవా అమ్మా?”

“చూసేనండీ. చాలా బాగుంది.”

చూడలేదు. ఆ సంగతి ఆటో వెళ్లిపోయాక గాని నాకే తట్టలేదు. ఎదురుగా కొబ్బరాకుల పైన చంద్రుడు మామూలుగా, చిన్నగా, నిటారుగా ఉన్నాడు. ఖాళీ గేటు దగ్గర నిలబడి, తల కాస్త పక్కకు వంచి, కాసేపు అలాగే చూశాను.