రేడియేటర్ మీద వడియాలు

మా తమ్ముడు రామమోహన్‌కి యాభై ఆరేళ్లు. అందులో ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో ఉన్నది మొదటి తొమ్మిదేళ్లు, అమెరికాలోని ఈ షాంటిలీలో ఇరవై ఎనిమిదేళ్లు. అయినా వాడి నోట ఎప్పుడూ ఆ తొమ్మిదేళ్లే. ఎవరు భోజనానికి పిలిచినా చేతిలో ప్లేటు పట్టుకుని "మా కౌంటీలో" అని మొదలుపెడతాడు. కౌంటీ అంటే అక్కడ జిల్లా. ఇరవై ఎనిమిదేళ్లు తిండి పెట్టిన ఈ ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ వాడి దృష్టిలో కౌంటీయే కాదు. నాన్న అక్కడ ఆసుపత్రిలో డాక్టరు కాబట్టి ఊరంతా మమ్మల్ని నెత్తిన పెట్టుకుందట. పక్కింటి మిసెస్ హార్పర్ సొంత అమ్మమ్మలా చూసుకుందట.

"చలికి గది వెచ్చగా ఉంచే రేడియేటర్ మీద అమ్మ వడియాలు పెట్టేది. ఆ వెచ్చదనం, ఆ కోజీనెస్ మీకు అర్థం కాదులెండి" అంటాడు. అందరూ నవ్వుతారు. నాకు ఒళ్లు మండుతుంది.

ఈ మహానుభావుడే మా టౌన్‌హౌస్‌ల అసోసియేషన్‌కి ప్రెసిడెంటు. సాయంత్రం నడకకని బయల్దేరి ఎవరి చెత్తడబ్బా బయట ఉందో, ఎవరి మెట్ల మీద చెప్పులున్నాయో నోటీసులివ్వడానికి ఫోటోలు తీస్తాడు. అదో బతుకు.

జూన్‌లో ఒకరోజు, చివరింట్లో అద్దెకుంటున్న ఉమ నా దగ్గరికొచ్చింది. ఏడో నెల, పైగా కళ్లనిండా నీళ్లు.

"ఆంటీ, చెప్పులు బయట పెట్టామని ఆల్రెడీ ఒక నోటీస్ వచ్చింది. ఇంకోటి వస్తే ఖాళీ చేయాలని ఓనర్ వార్నింగ్ ఇచ్చాడు. ఇవాళ ఎండ బాగుందని ఇంటి వెనక చెక్క డెక్ మీద వడియాలు పెట్టాను. అంకుల్ ఫోటో తీసుకుని వెళ్లిపోయారు."

డెలివరీ ముందు ఇల్లు వెతుక్కోవాలని ఆ పిల్ల భయం. వెంటనే తమ్ముడింటికి వెళ్లాను.

"రూల్ ఈజ్ రూల్ అక్కా. బయట ఏదీ ఆరబెట్టకూడదు. అమ్మ లింకన్‌షైర్‌లో ఎంత నీట్‌గా లోపలే పెట్టుకునేది" అన్నాడు.

"లోపలెందుకు పెట్టిందో తెలుసా నీకు?"

తెలియదు. అప్పటికి వాడికి ఆరేళ్లు, నాకు పది. ఆ ఇంట్లో చేరిన మొదటి ఏడు అమ్మ పెరట్లోనే, ఆకుపచ్చ అంచు వాయిల్ చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. మిసెస్ హార్పర్ కంచె దగ్గరికొచ్చి ఏదో అరిచింది. అమ్మకి ఇంగ్లీషు రాదు. "ఏమంటోందే?" అని నన్నడిగింది. ఇదేమన్నా అడవా, ఆ రోత తియ్యకపోతే ఆసుపత్రికి రాసి నాన్న ఉద్యోగం తీయిస్తానంటోందని ఉన్నదున్నట్టు చెప్పాను. అబద్ధం చెప్పాలన్న తెలివి నాకు అప్పట్లో లేదు. అమ్మ తడి వడియాలన్నీ గరిటెతో గీకి పారేసి, చీర ఉతుక్కుంది. "తమ్ముడికి చెప్పకు. వాళ్ల మనవడితో ఆడుకుంటున్నాడు" అంది. యాభై ఏళ్లు నోరు మూసుకున్నాను. ఆ రోజు నుంచి అమ్మ వడియాలు లోపల రేడియేటర్ మీదే పెట్టింది; వీడి కోజీనెస్ అలా వచ్చింది.

నేను చెప్పిందంతా విని గడ్డం గోక్కున్నాడు.

"అది వేరు అక్కా. ఇక్కడ అసోసియేషన్ బైలాస్ ఉన్నాయి" అన్నాడు. ఛీ అనిపించింది.

మర్నాడు పెట్టె అడుగునుంచి అదే చీర తీసి నా డెక్ మీద పరిచాను. ఉమ పిండి ఉడికించి తెస్తే ఇద్దరం కలిసి వడియాలు పెట్టాం. సాయంత్రం వాడు వచ్చాడు. వంగి ఆ ఆకుపచ్చ అంచు వేలితో తడిమాడు. ఆ తర్వాత ఫోటో తీశాడు.

నాలుగో రోజు నోటీసు వచ్చింది. నా పేరు మీద, కింద వాడి సంతకంతో. ఉమ ఇంటికి మాత్రం ఏ కాగితమూ వెళ్లలేదు. తప్పయిపోయిందని నోటితో చెప్పే ధైర్యం ఈ జన్మలో వాడికి రాదు.

ఆగస్టులో ఆ అద్దింట్లోనే ఉమ సీమంతం చేశారు. తమ్ముడు ప్లేటు పట్టుకుని నలుగురిలో నిలబడి "మా కౌంటీలో..." అని అందుకున్నాడు. ఉమ వాడి ప్లేటులో రెండు వడియాలు వేసింది. వాడు తలెత్తి నావైపు చూశాడు.

"ఆ, మీ కౌంటీలో?" అని ఎవరో అడిగారు.

"ఏం లేదండీ" అని, తలొంచుకుని వడియం కొరికాడు.