వుకోమాన్ పెట్టిన సంతకం

వుకోమాన్ ముప్పై ఒక్క ఏళ్లు ఆయుధాల కర్మాగారంలో తుపాకుల మీద నంబర్లు కొట్టాడు. రిటైరయ్యాక బెల్‌గ్రేడ్ నుంచి వియన్నా దాకా పాత తుపాకులు సేకరించేవాళ్లు అతని గుమ్మంలో పడిగాపులు పడేవారు. ఎవరైనా చెక్కకు కొత్త మెరుగు పెట్టి తెచ్చారో, ఇక అయిపోయినట్టే. వందేళ్ల మురికే వందేళ్ల సాక్ష్యమని, దాన్ని గీకి పారేశారని దుమ్మెత్తిపోసేవాడు. తుపాకీ అసలుదేనని అతను సంతకం పెట్టిన కాగితం చూపిస్తే మాత్రం ఇక ఎవరూ నోరెత్తేవారు కాదు.

అతను నా పెళ్లికి సాక్షి. మాది తాతల నాటి కూమ్ బంధం. మా పిల్లలకు జ్ఞానస్నానం చేయించి పేరు పెట్టేది వాళ్లే. అది రక్తసంబంధం కాదు, అంతకంటే ఒక మెట్టు పైన.

మా ఇంటి పైకప్పు కురుస్తుంటే, గోడకున్న తాత మౌజర్ తుపాకీ అమ్మేద్దామనుకున్నాను. వియన్నా నుంచి లైట్‌గెబ్ అనే ఆయన కొంటానన్నాడు. గొట్టం మీదా, తూటాను లోపలికి తోసే బోల్టు మీదా ఒకే నంబరుంటే నాలుగు వేల యూరోలు, లేకపోతే తొమ్మిది వందలు. నంబర్లు కలిశాయి. వుకోమాన్ సంతకం కావాలన్నాడంతే. విషయం చెబితే వుకోమాన్ "అమ్మకురా" అని గొణిగాడు. ముసలాడి చాదస్తమనుకున్నాను.

ఆదివారం లైట్‌గెబ్, వుకోమాన్, నేను బల్ల దగ్గర కూర్చున్నాం. నా భార్య పోసిన రాకియా సారాను వుకోమాన్ ముట్టలేదు. బోల్టు ఊడదీసి, వేలితో అంకెలు తడిమాడు.

"ఈ అంకెలు కొట్టింది నేనే," అన్నాడు చివరికి, నాకు మాత్రమే వినబడేలా.

యుద్ధంలో సైనికులు బోల్టులన్నీ ఒకచోట కుప్పపోసి తుడిచి, చేతికందింది బిగించుకునేవారట. మా తాతకు ఇంకొకరిది వచ్చింది. పండుగకు వచ్చిన చుట్టాలు నంబర్లు కలవలేదని నవ్వుతుంటే మా నాన్నకు తలవంపులుగా ఉండేది. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో, మా ఇంటి సెయింట్ నికోలా పండుగ భోజనాల దగ్గర, నంబరు కలిపి పెట్టమని వుకోమాన్‌ను అడిగాడు. ఆ పండుగ బల్ల దగ్గర కూమ్ అడిగితే కాదనకూడదని మా ఆచారం. వుకోమాన్ పాత నంబరు అరగదీసి, కుర్రతనంలో తాను చెక్కుకున్న అంకెల అచ్చులతో కొత్తది కొట్టాడు. అతని ఏడు అంకెకు తోక విరిగి ఉంటుంది, దాన్నిబట్టే గుర్తుపట్టాడు.

నాకు ఒళ్లు మండింది. అతన్ని వంటింట్లోకి లాక్కెళ్లాను. "నీకు తప్ప ఈ లోకంలో ఎవడికీ తెలియదు కదా కూమ్. నోరు మూసుకుని సంతకం పెడితే నీ సొమ్మేం పోయింది? పెట్టకపోయావో, ఇవాళ్టితో నువ్వెవరో నేనెవరో."

అతని ముఖం పాలిపోయింది. "ఇది నిజమని రాస్తే, ఇన్నేళ్లూ నేను నిజమన్న తుపాకులన్నీ అబద్ధమైపోతాయిరా."

వెళ్లి కాగితం మీద రాశాడు: గొట్టం అసలుది, చెక్క అసలుది, బోల్టు నంబరు దొంగది, కొట్టినవాడు వుకోమాన్ యాకోవ్లెవిచ్. కింద సంతకం పెట్టి, టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. లైట్‌గెబ్ తొమ్మిది వందలు నా చేతిలో పెట్టి, తుపాకీకంటే ముందు ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడు నెలలు వుకోమాన్ ముఖం చూడలేదు. అతను కబురు పెట్టినా పలకలేదు. ఇంతలో మనవడు పుట్టాడు. జ్ఞానస్నానానికి ఎవర్ని పిలవాలని నా కొడుకు భయపడుతూ అడిగాడు. పిల్లవాడికి పేరు పెట్టే నోరు అబద్ధమాడనిదై ఉండాలనిపించింది. నేనే నడిచి వెళ్లి తలుపు తట్టాను.

వుకోమాన్ తలుపు తీశాడు. నా చేతిలో పిల్లవాడి జ్ఞానస్నానపు కొత్త చొక్కా చూసి, గుమ్మంలోనే నిలబడి ఏడ్చేశాడు ఆ మొండివాడు.