నోరు మూయని కప్ప

ఒక ఆడమనిషి ఒక్క తాళంతో ఊరి పాలకవర్గం మొత్తాన్నీ మూడు రోజులు బంధించింది. సరే, మూడు రోజులు కాదు, మూడు గంటలు. పాలకవర్గం మొత్తమూ కాదు, ఒక కమిటీ. అందులోనూ ఇద్దరు టీ తాగడానికి కిందికి దిగి బతికిపోయారు. తాళం మాత్రం ఒక్కటే. అక్కడ ఒక్క అక్షరం కూడా తగ్గించేది లేదు.

ఆమెను వీధంతా వదినా అనే పిలుస్తుంది. ఆమెకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాళ్లకీ వదినే, వాళ్ల మనవలకీ వదినే. తండ్రి దగ్గర నేర్చుకుని ముప్ఫై ఏళ్లుగా తాళం కప్పలు చేస్తోంది. ఇత్తడి ఒళ్లు, లోపల సరైన తాళంచెవికే కదిలే ఆరు లివర్లు, ఒక్కొక్కటీ ఆకురాయితో చేత్తో అరగదీసిందే. చెవి తిప్పితే 'టక్'మనాలి. ఆ చప్పుడు కాస్త బొంగురుగా వినిపించినా మొత్తం విప్పి మళ్లీ మొదటికొస్తుంది. బజారులోకి చవక తాళాలు దిగాక, ఆరుగురు పనిచేసే షెడ్డులో ఆమె, ఆమె మరిది మిగిలారు.

అప్పుడు నగర కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఊళ్లో తయారయ్యే సరుకును పైకి తెస్తారట, నచ్చినవాటికి ఊరి ముద్ర వేసి నలుగురికీ చూపిస్తారట. ముద్ర పడితే షెడ్డు నిలుస్తుంది, లేకపోతే మూతే. వదిన నెల రోజులు కూర్చుని ఒక కప్ప చేసి, సంచిలో పెట్టుకుని, మరిదిని వెంటేసుకుని వెళ్లింది.

రెండో అంతస్తులో సమావేశం గది. అధికారి కప్పను అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు.

"భలే ఉందమ్మా! ముద్ర ఇచ్చేస్తాం. రెండే మార్పులు. బొటనవేలంత చెయ్యాలి. లోపల ఆ సరంజామా తీసెయ్యాలి."

"తీసేస్తే తాళం ఎలా పడుతుంది బాబూ?"

"పడక్కర్లేదమ్మా. అతిథులకిచ్చే జ్ఞాపిక. చూడ్డానికి ముచ్చటగా ఉంటే చాలు."

"పడని తాళాన్ని ఏమంటారు?"

"కళాఖండం అంటారు" అని పక్కనున్న సలహాదారు కిసుక్కుమన్నాడు. అప్పటికే అచ్చయిన ఊరి సరుకుల పుస్తకం ఆమె ముందుకు తోశాడు. పదిహేడో పేజీ, అలంకార వస్తువులు. పూసల బుట్టకీ గాజు చిలకకీ మధ్య ఆమె పాత కప్ప ఒకదాని బొమ్మ.

వదిన తన వేళ్లు చూసుకుంది. ముప్ఫై ఏళ్ల ఇత్తడి పొడి, ఏ సబ్బుకీ వదలని పొడి. తండ్రి కళ్లు పోయింది ఆ లివర్లు చూసి చూసే. ఆ లివర్లు ఇప్పుడు సరంజామా అయ్యాయి! అరికాలి మంట నెత్తికెక్కింది.

"కప్ప అన్నాక నోరు మూయాలి. నోరు మూయని కప్పలు ఈ గదిలో బోలెడున్నాయి. మళ్లీ నన్ను చెయ్యమంటారెందుకు?"

"వదినా, ఊరుకో" అన్నాడు మరిది.

"నువ్వు సంచి పట్టుకుని బయటికి నడు."

అధికారి చేతిలోని కప్ప లాక్కుని తనూ గది దాటింది. బయట తలుపు గొళ్లేనికి వేలాడుతోంది, ఎక్కడో పరాయి దేశంలో చేసిన తాళం. ఊరి సరుకును ఉద్ధరించే గదికి! దాన్ని పీకి సంచిలో పడేసింది. తలుపు లాగి తన కప్ప తగిలించింది. టక్.

తాళాలు తీసేవాళ్లు ముగ్గురొచ్చారు. మొదటివాడి తీగ విరిగింది. రెండోవాడి రంపం పళ్లు రాలాయి. మూడోవాడు కప్పను చూడగానే "ఇది వదినది" అని దండం పెట్టి మెట్లు దిగిపోయాడు. వదిన తలుపు ఎదుటే, పై మెట్టు మీద కూర్చుంది, చెవి పిడికిట్లో బిగించి.

"అమ్మా, తలుపు తియ్యమ్మా!" లోపలి నుంచి అధికారి.

"తాళం పడిందా బాబూ?"

"పడింది తల్లీ!"

"కళాఖండం కదా, ఎలా పడిందంటావ్?"

లోపల గుసగుసలు మొదలయ్యాయి. వదిన గొంతు పెంచింది.

"అదే మీ పుస్తకంలో రాసి తలుపు కిందనుంచి తొయ్యండి."

కాసేపటికి ఒక కాగితం జారింది. 'సంప్రదాయ తాళం' అని ఉంది. వదిన కాలితో వెనక్కి తోసింది.

"సంప్రదాయం సంగతి మిమ్మల్ని అడిగానా? పడుతుందని రాయండి!"

ఈసారి పదిహేడో పేజీయే చింపి తోశారు. అలంకార వస్తువులు అన్న మాట కొట్టేసి ఉంది. కింద 'తాళం. పడుతుంది. ఇక ఊరి బడులన్నిటికీ ఇవే కొంటాం' అని రాసి ఏడు సంతకాలు. వదిన రెండుసార్లు చదివి, లేచి, చెవి తిప్పింది.

ఇప్పుడు షెడ్డులో అయిదుగురున్నారు. వదినని అడిగితే మాత్రం ఆకురాయి ఆపకుండానే అంటుంది: "ఎవడు చెప్పాడు? పచ్చి అబద్ధం. ఆ రోజు నాకు జ్వరం, ఇల్లు కదల్లేదు. అసలు ఆ గది తలుపుకి గొళ్లెమే లేదు."