వెనక్కి నడిచిన పడవ

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుందనగా, ఒక ఆగస్టులో, నన్ను విశాఖ ఫిషింగ్ హార్బరు దగ్గర ఒక కంట్రోల్ రూముకు డిప్యూటేషన్ మీద పంపారు. హోదా సీనియర్ సిస్టమ్స్ మేనేజర్. సముద్రంలో ఉన్న మరపడవల స్థానాలను తెర మీద చూపే సాఫ్ట్‌వేర్ తయారు చేయించడం నా పని. ప్రతి పడవకూ ఒక చిన్న పెట్టె బిగించారు. అది పడవ ఎక్కడుందో కొలిచి, ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు కబురు పంపుతుంది.

మొదటి సమావేశంలోనే పేచీ వచ్చింది. వచ్చిన కబుర్లన్నీ పోగుచేసి ఆరు గంటలకోసారి కలిపి తేల్చడం బ్యాచ్ పద్ధతి. వచ్చింది వచ్చినట్టు అప్పటికప్పుడే తేల్చేయడం స్ట్రీమ్ పద్ధతి. బ్యాచ్ చాలన్నారు మావాళ్లు. నేను ససేమిరా అన్నాను. నడి సముద్రంలో మనుషులుంటే ఆరు గంటల పాత సమాచారం ఎవరికి కావాలని వాదించి నెగ్గాను. నలుగురిలో నెగ్గడమంటే నాకు మహా ఇష్టం, దాచడమెందుకు.

నవంబరులో వాయుగుండం పట్టింది. పడవలన్నీ ఒడ్డుకు చేరాయి, ఒక్కటి తప్ప. అందులో ఏడుగురున్నారు. మధ్యాహ్నం దాని పెట్టె నుంచి ప్రమాద సంకేతం వచ్చింది, వెంటనే వరసగా స్థానాలూ వచ్చాయి. తెర మీద చుక్క అప్పికొండ వైపు నుంచి ఉత్తరంగా, భీమిలి దిక్కుకు చురుగ్గా కదులుతోంది. ఇంజను మళ్లీ అందుకున్నట్టుందని డ్యూటీ అధికారి ఊపిరి పీల్చుకున్నారు. రక్షణ పడవను భీమిలికి పంపమని ఆదేశం రాయడం మొదలుపెట్టారు.

ఆ పడవ నడిపే డ్రైవర్ తల్లి నూకాలమ్మ. హార్బరులో చేపల వేలం పాడే మనిషి. మిగతా పడవల యజమానులతో పాటు గుమ్మంలో నిలబడి ఉంది. తెర వంక చాలాసేపు చూసి నా దగ్గరకొచ్చింది.

“ఇంత ఉత్తరపు గాలికి ఎదురుగా మావోడి పడవ ఆ జోరున ఎల్లదమ్మా. మీ బొమ్మలో పడవ ఎనక్కి నడుత్తంది.”

అధికారి ఆమెను బయట కూర్చోమన్నారు. ఆమె కదల్లేదు. తోటివాళ్లు వింటున్నారని తెలిసీ అసలు సంగతి బయటపెట్టేసింది.

“వల ఏసినప్పుడు ఆడు ఆ పెట్టె కట్టేత్తాడు. సేపలున్న సోటు పక్కోలికి తెలిసిపోద్దని. ఈలందరూ అదే సేత్తారు.”

అలా పెట్టెను ఆపేయడం నిబంధనలకు విరుద్ధం. అయినా గుమ్మంలో ఉన్నవాళ్లు ఒక్కరూ కాదనలేదు.

నాకు అప్పుడు తట్టింది. వాళ్లు ఆపేది కబురు పంపే మీటను మాత్రమే. పెట్టె కొలుస్తూనే ఉంటుంది, స్థానాలను దాచుకుంటుంది. మీట తిరిగి వేయగానే అన్నిటికన్నా కొత్తదాన్ని ముందు పంపి, పాతవాటిని ఆ తర్వాత వెనక్కి వెళ్తూ ఒక్కొక్కటే పంపుతుంది. ప్రతి కబురులోనూ కొలిచిన వేళ ఉంటుంది. అందిన వేళను మేం ఒడ్డున వేసుకుంటాం. నా ప్రోగ్రాం నమ్మింది అందిన వేళనే.

కబుర్లన్నీ పోగేసి, కొలిచిన వేళ ప్రకారం ఒక్కసారిగా పేర్పించాను. నేను వద్దని కొట్టిపారేసిన బ్యాచ్ పనే అది. తెర మీద దారి తిరగబడింది. పడవ తెల్లవారుజామున భీమిలి ఎదుట ఉంది. అక్కడి నుంచి గాలికి దక్షిణంగా కొట్టుకుపోతూ ఇప్పుడు అప్పికొండ దాటింది.

ఆదేశం మార్చారు. చీకటి పడకముందే ఏడుగురూ క్షేమంగా దొరికారు. ఇంజను బాగుచేసుకునే హడావిడిలో మీట సంగతే మరిచిపోయామని డ్రైవర్ తర్వాత చెప్పాడు. తెర మీద ఎక్కడా లేని గాలిని నూకాలమ్మ ఎలా చూడగలిగిందో నాకు ఇప్పటికీ అబ్బురమే. ముప్పై ఏళ్ల సర్వీసులో నా తప్పును అంత సూటిగా పట్టుకున్న మనిషి మరొకరు లేరు.

ఆ తర్వాత స్ట్రీమును ఉంచి, దాన్ని సరిదిద్దడానికి పావుగంటకోసారి బ్యాచ్ కూడా పెట్టించాను. రెంటిలో ఏది మేలన్నది రెండో ప్రశ్న. సంగతి జరిగిన వేళ ఒకటి, అది మనకు తెలిసిన వేళ మరొకటి. ఆ రెంటినీ విడివిడిగా దాచని డిజైన్ మీద రిటైరయ్యేదాకా నేను సంతకం పెట్టలేదు.