అమ్మకని చేసిన చుట్టల బీరువా

మా మరిది పోయాడు. పలాసలో డయాలసిస్ చేయించుకుని వస్తుంటే, కవిటి చేరకముందే, ఆటోలోనే ప్రాణం పోయింది. పక్కన కూర్చున్న మావారు తమ్ముడు నిద్రపోయాడనుకుని, అతని తలను తన భుజం మీదకు సర్దుకుని ఇంటిదాకా తీసుకొచ్చారు. ఉద్దానంలో ఇది వార్త కాదు. చదువుతున్న మీది ఈ ప్రాంతమే అయితే, మీ వీధిలోనూ ఇలాంటి ఆటో ఒకటి ఆగే ఉంటుంది. అతని భార్యను కూడా ఈ కిడ్నీ జబ్బే ముందుగా తీసుకుపోయింది. అయినా రాస్తున్నాను. ఆఖరి ఏడాది అతను చేసిన పని నేను ఒక్కదాన్నే మొదటి నుంచి చివరిదాకా చూశాను.

అతను ఒక బీరువా చేశాడు. మా అత్తగారి చుట్టలు దాచడానికి.

మా అత్తగారు అడ్డపొగ తాగుతారు. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పెదవులు మూసేస్తారు. ఈ తీరంలో ఆవిడ వయసు ఆడవాళ్లకు అది మామూలే. నాకు ఆ పొగ పడదు. టెక్కలి వెళ్లి ఆవిడకు నచ్చిన చుట్టలు ఏరి తెచ్చేది మా మరిదే. అటక మీద రేకు డబ్బాలో పెడితే వానల్లో బూజు పట్టేవి, ఎండల్లో ముట్టుకుంటే పొడై రాలేవి.

జబ్బు ముదిరాక ఒకసారి పెరట్లో నన్ను అడిగాడు.

"నాను పోతే మాయమ్మకి సుట్టలు కొంతావేటి, ఒదినా?"

"కొనను" అన్నాను.

"అద్గదీ! అందుకే బీరువా సేత్తన్నాను. నిండా సర్దీసి మరీ ఎల్తాను."

నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు.

అతను వడ్రంగి కాడు, కొబ్బరి రైతు. ఇంటికి కావలసిన పీటలూ మంచాలూ మాత్రం తనే చేసుకునేవాడు. తుపానుకు కూలిన మా పనస చెట్టును కోయించిన పలకలు పాకలో ఉన్నాయి. డయాలసిస్ కోసం సూదులు గుచ్చే చేతితో బరువు పని చేయకూడదని డాక్టరు చెప్పాడు. రెండో చేత్తో చిత్రిక పట్టేవాడు. పలాస వెళ్లిన రోజు లేవలేకపోయేవాడు. మర్నాడు పాక వాకిట్లో కూర్చుని, పనస చెక్క పొట్టు గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసేవాడు. త్వరగా కానిమ్మని నేను కేకలేస్తే ఒకటే మాట: "తొందరుండాల్సింది నాకు కదా ఒదినా, నాకే నేదు."

బీరువా బాగా కుదిరింది. సొరుగుల అడుగున పలకకు బదులు సన్నటి బద్దలు వేశాడు, గాలి ఆడి బూజు పట్టకుండా. అట్టడుగు అరలో తడి ఇసుక పోసిన మూకుడు, పొగాకు ఎండిపోకుండా. అతనికి రోజుకు ఇంతేనని నీళ్లు కొలిచి ఇచ్చేదాన్ని నేనే. మూకుట్లో చెంబుడు ఒంపేటప్పుడు నా వంక చూసి, "సూసినావా, సుట్టలు తాగినన్ని నీల్లు నాకు రాసి నేవు" అనేవాడు.

ఆ తర్వాత తప్పు జరిగింది. మా వైపు చెక్కకు చెద పట్టకుండా జీడి పెంకుల నూనె పూస్తారు. పడవలకు, ద్వారబంధాలకు అదే. అతను అలవాటు కొద్దీ బీరువాకు లోపలా బయటా పూశాడు, ఎండబెట్టాడు, మొదటి కట్ట సర్దాడు. రెండు రోజులకు అత్తగారు అన్నంలో పులుసు వద్దన్నారు. పెదవులు వాచి ఉన్నాయి. నోరు తెరవమన్నాను. నాలుక నిండా పొక్కులు.

"ఆడికి సెప్పకే" అన్నారు. "ఓపిక నేనోడు సేసినాడు. నాలిక్కేటి, అదే మానుద్ది."

నేను చెప్పాను. అలాంటివి దాచే అలవాటు నాకు లేదు.

అతను సొరుగు లాగి, లోపలి నల్లటి పూతను వేలితో రాసి చూశాడు. "ఉద్దానంలో పుట్టి, జీడి పుండు రేపుద్దని నాకు తెల్దా? నిప్పెట్టుకుంతే కాలని నోరు, నా పెట్టికి కాలిపోనాది" అన్నాడు. వెళ్లి తల్లి ముందు కూర్చున్నాడు.

"ఏటి రా, అలాగ సూత్తావు? సిన్నప్పుడు నువ్వు నన్ను కరిసినప్పుడు ఇంతకంటె నొప్పెట్టింది" అన్నారావిడ.

సొరుగులన్నీ ఊడదీసి, నల్లటి పొర పోయి పనస పసుపు బయటపడే దాకా గీకాడు. అందుకు పట్టిన కాలమంతా అతని దగ్గర మిగిలిన కాలంలోంచి పోయిందే. వద్దని నేను అన్న మాటలు అతను విన్నట్టు కూడా కనిపించలేదు. నేను చూసిన మనుషుల్లో చేసిన పనికి అంత నిజాయితీగా జవాబు చెప్పినవాడు మరొకడు లేడు. ఆఖరికి సొరుగులన్నీ చుట్టలతో నింపి, తలుపు వేసి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ఇంక నువ్వు కొనక్కర్లేదులే" అన్నాడు నాతో. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడు.

చావు ఇంటికి వచ్చినవాళ్లకు చుట్టలు ఇవ్వడం మా ఊళ్ల మర్యాద. ఎవరో కుర్రాణ్ని కొట్టుకు పంపబోతుంటే అత్తగారు ఆపారు.

"కొట్టుకెందుకు? ఇంట్లో నేవా?"

"అత్తా, అవి మీకు. మీకోసమే కదా అతను..."

"నా కొడుకు సావుకొచ్చినోలు వట్టి సేతుల్తో కూకుంతారా? తియ్యే."

నేను కదల్లేదు. ఇంట్లో అన్ని తాళాలూ నా దగ్గరే ఉంటాయి. ఆవిడ ఏడవలేదు, అరవలేదు. చెయ్యి చాపి అలాగే నిలబడ్డారు. చివరికి తాళం ఇచ్చాను. ఒక్క సొరుగైనా మిగుల్చుదామని అడ్డం నిలబడితే, నన్ను పక్కకు జరిపి దాన్నీ లాగారు.

మగవాళ్లు శ్మశానం నుంచి తిరిగి వచ్చేసరికి పొద్దు గుంకింది. స్నానాలు చేసి గోడ వారన కూర్చున్నారు. వాళ్ల చుట్టల కొసల్లో నిప్పు ఎర్రగా కనిపిస్తోంది. ఇవతల ఊరి ముసలమ్మలు వరసగా కూర్చున్నారు. వాళ్ల నిప్పు బయటికి కనబడదు, పెదవుల వెనకే ఉంటుంది. వాళ్ల నడుమ మా అత్తగారు ఖాళీ సొరుగు ఒళ్లో పెట్టుకుని, వాళ్లలాగే పెదవులు బిగించి కూర్చున్నారు. ఆవిడ నోట్లో ఏమీ లేదు.